డిస్క్రిమినేషన్ అను మాట



నేటి ప్రసంగమునకు నేను ఎంచుకొన్నది ఒక యింగ్లీషు మాట. తెలుగు పండితునికి ఇంగ్లీషు మాటతో ఏమి పని యని మీలో కొందరు అనుకొనవచ్చును. నిజమే, ఆ భాష నాకు బడిలో అబ్బినంత మాత్రమే వచ్చును. తరువాత నిఘంటువుల సాయమున కొంత కూడబెట్టుకొంటిని. కాని ఈ మాటను నేను వెదకికొని పోలేదు. అదియే నాయొద్దకు వచ్చినది. వచ్చి ముప్పదియైదేండ్లు గడచినను ఇంకను నన్ను విడిచిపోలేదు.

1990 వ సంవత్సరము ఫిబ్రవరి నెల. దక్షిణాఫ్రికాలో నెల్సన్ మండేలాను ఇరువదియేడేండ్ల చెర తరువాత 11 వ తేదీన విడిచిపెట్టిరి. పత్రికలన్నియు ఆ వార్తతో నిండియుండెను. నేనప్పుడొక యున్నత పాఠశాలలో పదవ తరగతికి తెలుగు చెప్పుచుంటిని. ఒకనాడు పాఠము మొదలుపెట్టకమునుపే కడపటి బల్లమీదినుండి ఒక పిల్లవాడు లేచి, ఒక చేత పత్రికయు ఒక చేత ఇంగ్లీషు నోటుపుస్తకమును పట్టుకొని ముందునకు వచ్చెను.

“మాస్టారండీ, డిస్క్రిమినేషన్ అంటే వివేకమని ఇంగ్లీషు మాస్టారు రాయించారు. పేపర్లో ఆ మాటకే వివక్ష అని వేశారు. ఒకటి మంచిగుణం, ఒకటి తప్పు. రెంటికీ ఒకే మాట ఎలా అవుతుందండీ?”

ఒకే మాటకు సందర్భమునుబట్టి పలువిధములైన యర్థములుండునని చెప్పి, సైంధవ శబ్దము ఉదాహరణముగా నిచ్చితిని. భోజనమువేళ సైంధవము తెమ్మన్నచో ఉప్పు, ప్రయాణమువేళ తెమ్మన్నచో గుఱ్ఱము. శాస్త్రము చదివిన ప్రతివాడును చెప్పు ఉదాహరణమే యది. పిల్లవాడు తల యూపెను గాని వెనుదిరుగలేదు.

“మరి మీరు మమ్మల్ని మార్కులనుబట్టి వరుసగా కూర్చోబెట్టారు గదండీ, అది ఈ రెంటిలో ఏదవుతుంది?”

తరగతి యంతయు నవ్వెను. నేను నవ్వలేదు. పోయి కూర్చుండి పుస్తకము తెరువుమంటిని. ఆనాడు చెప్పవలసిన యుత్తరము నాయొద్ద లేకపోయెను. ఉప్పునకును గుఱ్ఱమునకును చుట్టరికమేమియు లేదు. వివేకమునకును వివక్షకును అట్లు కాదని మాత్రము నాకు అస్పష్టముగా తోచినది. అది మొదలుకొని ఈ మాట వెంబడి తిరిగితిని. తిరిగి తెలిసికొన్నదానినే నేడు మీతో చెప్పబోవుచున్నాను.

డిస్క్రిమినేషన్ అనునది లాటిను భాషనుండి వచ్చినది. ఆ భాషలో ‘సెర్నెరె’ అను క్రియ యొకటి కలదు. జల్లించుట, వేరుచేయుట, చూచి గుర్తించుట, నిర్ణయించుట యని దాని యర్థములు. వీనిలో జల్లించుటయే మొదటిది. తక్కినవి దానినుండి కొమ్మలవలె పుట్టినవి. ఆ క్రియకు ముందు ‘డిస్’ అను ఉపసర్గ చేరెను. అది మన ‘వి’ యను ఉపసర్గ చేయు పనినే చేయును; ఎడమగుటను, విడివడుటను తెలుపును. అట్లు చేరి యేర్పడిన క్రియనుండి ‘డిస్క్రిమెన్’ అను నామమును, ఆ నామమునుండి మరల ఒక క్రియయు పుట్టినవి. ఇంగ్లీషువారు పుచ్చుకొన్నది ఈ కడపటిదానిని. వంశవృక్షమును ఇట్లు మొదటికంట చూచుకొంటూ పోయినచో, ఈ పెద్ద మాటకు ముత్తవ్వ ఒక జల్లెడ యని తేలినది.

జల్లెడను గూర్చి మీకు చెప్పవలసిన పనిలేదు. బియ్యము దంచి పిండి జల్లించునప్పుడు మెత్తని పిండి క్రిందికి దిగును, నూక పైన నిలుచును. అరిసెలకు క్రింద పడినది కావలెను. ఉప్పుపిండికి పైన నిలిచినదే కావలెను. జల్లెడకు రెంటిలో దేనిమీదను ప్రేమయు లేదు, ద్వేషమును లేదు. అది పరిమాణమును మాత్రమెరుగును. ఏది యుంచుకొనవలెను, ఏది పారవేయవలెనన్నది దానిని పట్టుకొన్న యిల్లాలికి ఆనాడు వలసిన వంటనుబట్టి యుండును. ఈ సంగతి మీరు కొంచెము గుర్తుంచుకొన వేడెదను. మరల దీని యవసరము కలుగును.

ఇంగ్లీషులో పెద్ద రంధ్రములు గల జల్లెడకు ‘రిడిల్’ అని పేరు. అదియు ఈ కుటుంబములోనిదే. కాని లాటిను ద్వారమున గాక ఇంగ్లీషువారి సొంత పూర్వభాషనుండి వచ్చినది. పొడుపుకథకును ‘రిడిల్’ అనియే యందురు గాని అది వేరు మాట; చదువుటను చెప్పు ‘రీడ్’ అను క్రియతో దానికి చుట్టరికము. పలుకు ఒకటే గదా యని రెంటిని ఒక యింటివారిగా భావించి నేను కొన్నాళ్లు మోసపోతిని.

ఈ జల్లెడ సంతానము చాల పెద్దది. జల్లించి తేల్చినది కావున నిశ్చితమైనది ‘సెర్టెన్’. వేరుచేసి ఒక ప్రక్కన పెట్టినది కావున రహస్యము ‘సీక్రెట్’. గ్రీకు భాషలో ఇదే మూలమునుండి ‘క్రినెయిన్’ అను క్రియ కలిగెను. విడదీయుట, తీర్పు చెప్పుట యని దాని యర్థము. గుణదోషములు వేరుచేయువాడు ‘క్రిటిక్’ అయ్యెను. గ్రీకు వైద్యులు జ్వరము మళ్లు ఘడియను, అనగా రోగి కోలుకొనునో లేక చేయి దాటిపోవునో తేలిపోవు ఘడియను, ‘క్రైసిస్’ అనిరి. ఇప్పుడు ప్రతి చిన్న చిక్కునకును పత్రికలవారు ఆ మాట వాడుచున్నారు. గ్రీకు వైద్యులు వినిన నొచ్చుకొందురు. మరియొక జంట కలదు. ‘డిస్క్రీట్’ అను మాటను ఇంగ్లీషువారు రెండు విధములుగా వ్రాసెదరు. ఒక విధముగా వ్రాసినచో ఎక్కడ మాటాడవలెనో ఎక్కడ మానవలెనో తెలిసిన పెద్దమనిషి లక్షణము. వేరొక విధముగా వ్రాసినచో గణితశాస్త్రమున ఒకటి రెండు మూడు అని విడివిడిగా నిలుచు సంఖ్యల లక్షణము. లాటినులో రెండును ఒక్కటే.

ఇక డిస్క్రిమెన్ అను నామమునకు రోమనులిచ్చిన యర్థములు చూడుడు. రెండు వస్తువుల నడిమి యెడము, వానిని విడదీయు గీత, భేదము. అంతమాత్రమే గాక ఇటో అటో తేలవలసిన విషమ ఘడియ కావున అపాయము కూడ. వీనియన్నింటిలో నా మనసునకు నచ్చినది వేరొకటి యున్నది. రోమక కవి ఓవిడ్ స్త్రీల కేశాలంకారమును గూర్చి చెప్పుచు పాపటకు ఈ మాటనే వాడినాడు. మన తెలుగు పాపటయే! పాపటకు ఈ వైపున నున్న వెండ్రుకలును ఆ వైపున నున్న వెండ్రుకలును ఒకే తలవి, ఒకే నూనె త్రాగి పెరిగినవి. నడుమ గీత గీచినది దువ్వెన. రేపు ప్రక్కపాపట తీసినచో నిన్న కుడివైపున నున్న వెండ్రుక నేడు ఎడమకు పోవును.

మనుష్యులను వేరుపరచి చూచుట యను పట్టున కూడ ఈ నామము లాటినులోనే కలదు. వర్జిలు రచించిన ఈనియడ్ కావ్యము మొదటి భాగమున, తుపానునకు చెదరి యొడ్డు చేరిన ట్రాయి వారు కార్తేజి రాణియగు డైడోను ఆశ్రయింతురు. వారు తన నగరమున నిలువదలచినచో తనవారగు టైరు జనులకును వారికిని నడుమ ఏ డిస్క్రిమెనును పాటింపనని ఆమె మాట యిచ్చును. రెండువేల యేండ్ల నాటి కావ్యమున ఒక రాణి నోట, పరదేశపు శరణార్థుల యెదుట, ఈ మాట వచ్చుట చూచి నేను ఆశ్చర్యపడితిని.

ఇంగ్లీషులోనికి ఇది పదునేడవ శతాబ్ది పూర్వార్ధమున వచ్చెను. వచ్చినది మర్యాదగా వచ్చెను. పోలికగల రెంటిలో సూక్ష్మమైన భేదము కనిపెట్టు నేర్పు, మేలిమిని కీడునుండి వేరుచేయు చూపు, ఇవి దాని యర్థములు. డిస్క్రిమినేషన్ గల మనిషి యన్నచో రసజ్ఞుడు, విమర్శకుడు, తొందరపడనివాడు అని మెచ్చుకోలు. మా పాఠశాలలోని ఇంగ్లీషు ఉపాధ్యాయుడు వ్రాయించినది ఈ యర్థమునే. అందు తప్పు లేదు. పాలను నీటినుండి వేరుచేయు హంసను మన కవులు ఏ గుణమునకు పొగడిరో అదియే యిది.

వివేకము అను మాటను చూచినచో ఈ పోలిక మరింత బలపడును. ‘వి’ యుపసర్గ, ‘విచ్’ ధాతువు. ఆ ధాతువునకు వేరుపరచుట యని యర్థము. వేదకాలమున దానిని ధాన్యము చెరిగి పొట్టు తొలగించుటకే వాడిరి. దర్శపూర్ణమాసేష్టులలో వడ్లు దంచి పొట్టు ఎగురగొట్టునప్పుడు చదువు మంత్రమున ఈ ధాతువే కలదు. కావున రోమనుల మాట జల్లెడలో పుట్టగా మన మాట చేటలో పుట్టినది. ఈ రెండు ధాతువులకు పుట్టుకలో సంబంధము కలదని నేను చెప్పుటలేదు. ఉభయులును ధాన్యము బాగుచేసికొని తిన్నవారు; బుద్ధి చేయు పనికి పేరు పెట్టవలసి వచ్చినప్పుడు చేతి పనినుండియే పేరు తెచ్చుకొన్నారు. నిత్యానిత్యవస్తువివేకమను వేదాంతపు మాట పలుకునప్పుడు మనము చేటను తలచుకొనుచున్నామా?

ఇంత గౌరవము గల మాట అపరాధమునకు పేరెట్లయ్యెను? ఇక్కడ కథ అమెరికాకు పోవును. మనుష్యులకంటె ముందు ఓడలతో మొదలగును.

స్వతంత్రులైన తరువాత అమెరికావారు 1789 లో ఓడలమీద బరువునుబట్టి పన్ను విధించిరి. తమ దేశపు ఓడకు టన్నునకు 6 సెంట్లు. విదేశమున కట్టి విదేశీయుల చేతిలో నున్న ఓడకు 50 సెంట్లు. ఇట్టి భేదము గల పన్నులను డిస్క్రిమినేటింగ్ సుంకములని పిలిచిరి. ఆ పేరులో నింద లేదు. తమ వర్తకులను కాపాడుకొనుట ఏలినవారి పనియే యని యనుకొనిరి. ఓడను, దాని జెండాను చూచి వేరుపరచుట యది.

పిమ్మట రైళ్లు వచ్చెను. ఒకే దూరమునకు, ఒకే విధమైన సరకునకు, పెద్ద వర్తకునియొద్ద తక్కువయు చిన్న రైతునొద్ద ఎక్కువయు రైలు కంపెనీలు కూలి పుచ్చుకొనుచుండెను. రైతులు మొరపెట్టుకొనిరి. 1887 లో అమెరికా శాసనసభ అంతర్రాష్ట్ర వాణిజ్య చట్టమును చేసి దానిని నిషేధించెను. ఆ చట్టములో వాడిన మాటను చూడుడు: ఒట్టి డిస్క్రిమినేషన్ కాదు, ‘అన్‌జస్ట్ డిస్క్రిమినేషన్’, అన్యాయమైన భేదము. అనగా 1887 నాటికి న్యాయమైన డిస్క్రిమినేషన్ కూడ నుండవచ్చునని చట్టము వ్రాసినవారి భావము. విశేషణము తగిలించినగాని మాట దోషమును తెలుపదయ్యెను.

మనుష్యుల విషయమునకు వత్తము. 1861 మొదలు 1865 వరకు ఆ దేశమున అంతర్యుద్ధము జరిగెను. యుద్ధాంతమున రాజ్యాంగ సవరణచే బానిసత్వము రద్దయ్యెను. విడుదలయైన నల్లవారికి తెల్లవారితో సమానమైన హక్కులు ఈయవలెనని 1866 లో పౌరహక్కుల చట్టమును తెచ్చిరి. దాని ముసాయిదా మొదట ఒక విశాలమైన వాక్యముండెను: జాతినిబట్టి, వర్ణమునుబట్టి పౌరహక్కులలో డిస్క్రిమినేషన్ ఉండరాదని. ఆ వాక్యము మరీ విశాలముగా నున్నదని ప్రతినిధుల సభలో దానిని తీసివేసిరి. మిగిలిన చట్టమును అధ్యక్షుడు జాన్సన్ త్రోసిపుచ్చగా, ఆయన నిరాకరణమును దాటి శాసనసభ దానిని నెగ్గించెను. చట్టమునుండి మాట పోయినది గాని జనుల నోటినుండి పోలేదు. ‘డిస్క్రిమినేట్ అగెయినిస్ట్’ అని ఒక జాతివారికి ప్రతికూలముగా భేదము పాటించుటకు ఈ మాటను వాడుట ఆ 1866 మొదలుకొనియే కనబడుచున్నదని పదచరిత్రకారులు చెప్పుచున్నారు.

ఇక్కడ ఒక చిన్న వ్యాకరణ విశేషము కలదు. ఇంగ్లీషువారి విభక్తులు నామమునకు ముందు నిలుచును. ఈ క్రియ ప్రక్కన ‘బిట్వీన్’ నిలిచినచో రెంటి నడుమ భేదము తెలిసికొనుట, అది నేర్పు. ‘అగెయినిస్ట్’ నిలిచినచో ఒకరికి ప్రతికూలముగా భేదము చేయుట, అది నేరము. క్రియ మారలేదు, దాని ప్రక్కనున్న చిన్న మాట మారినది. మొదటి ప్రయోగమున మనము చూచునది జల్లించువాని కంటిని. అది ఎంత నిశితమైనదని. రెండవ ప్రయోగమున మన చూపు జల్లెడలోనుండి పారవేయబడినవాని మీదికి తిరిగినది. వానికి ఏమైనదని యడుగుచున్నాము. ముందు అడుగువారు లేక కాదు. వారి మాట చట్టముదాక ఎక్కుటకు అంతకాలము పట్టినది.

1964 లో అమెరికావారు చేసిన పౌరహక్కుల చట్టము ఉద్యోగముల విషయమున, జాతి, వర్ణము, మతము, లింగము, పుట్టిన దేశము కారణములుగా ఎవరికిని ప్రతికూలముగా డిస్క్రిమినేట్ చేయరాదని విధించెను. 1887 లో కావలసివచ్చిన ‘అన్యాయమైన’ అను విశేషణము ఇందు లేదు. ఆ రోత మాటలోనే యింకిపోయెను.

మన దేశమునకు ఈ మాట చట్టమున ఎట్లు వచ్చెనో చెప్పిన మీకు నవ్వు రావచ్చును. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టములో డిస్క్రిమినేషనును గూర్చి ప్రత్యేకముగా ఒక ప్రకరణమే యున్నది. అందు రక్షణ పొందినవారెవరు? బ్రిటిషు కంపెనీలు, బ్రిటిషు ఓడలు, బ్రిటిషు పట్టములు పొందిన వైద్యులు. భారతీయుల శాసనసభలకు కొంత యధికారము వచ్చినచో వారు తమ వర్తకులకు ప్రతికూలముగా భేదము పాటింతురేమో యని పాలకులు భయపడిరి. ఏలువారే భేదమునకు గురియగుదుమని కాగితము వ్రాయించుకొనుట లోకమున తరచు జరుగు పని కాదు.

1950 జనవరి 26 న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగమున ఈ మాట తన సరియైన చోటికి చేరెను. మతము, జాతి, కులము, లింగము, పుట్టినచోటు అను కారణములచే మాత్రమే యే పౌరునికిని ప్రతికూలముగా రాజ్యము డిస్క్రిమినేట్ చేయరాదని పదునైదవ అధికరణము. ఆ వెంటనే అంగళ్లు, పూటకూళ్లిండ్లు, నూతులు, చెరువులు, స్నానఘట్టములు, బాటలు అని పేరుపేరున లెక్కించిరి. ఏ నూతియొద్ద ఎవరిని దూరముగా నిలువబెట్టిరో తెలిసినవారు వ్రాసిన జాబితా యది. ఒట్టి న్యాయవాదులకు నూతులు చెరువులు తోచవు. స్త్రీలకును పిల్లలకును ప్రత్యేకముగా ఏర్పాటు చేయుట తప్పు కాదని అదే యధికరణము చెప్పుచున్నది. వెనుకబడిన తరగతుల వారి కొరకు చేయు ఏర్పాటు 1951 లో మొదటి సవరణచే చేరెను. దానికి కారణము మన ఆంధ్ర జిల్లాలు ఇంకను కలిసియుండిన మద్రాసు రాష్ట్రమున పుట్టిన వ్యాజ్యము: వైద్య, ఇంజనీరింగు కళాశాలలలోని స్థానములను కులములవారీగా పంచిన ప్రభుత్వపు టుత్తర్వును న్యాయస్థానములు కొట్టివేసెను, అంతట పార్లమెంటు రాజ్యాంగమును సవరించెను.

ఇందలి చిక్కును న్యాయమూర్తులు చక్కగా గుర్తించిరి. భేదమును అసలు చూడకున్న న్యాయమే చేయలేము. నడువలేనివానిని నడువగలవానిని ఒకే పరుగుపందెమున నిలుపుట సమత్వము కాదు. కావున వర్గీకరణము వేరు, వివక్ష వేరు అనిరి. విభజించిన గీతకు బుద్ధికి అందు ఆధారముండవలెను. ఆ యాధారమునకు చట్టము సాధింపదలచిన ప్రయోజనముతో సంబంధముండవలెను. నేను లౌకిక న్యాయము చదివినవాడను గాను. అయినను ఈ రెండు షరతులు విన్నప్పుడు నాకు జల్లెడయే తలపునకు వచ్చినది. రంధ్రములు ఎంతవో తెలియవలెను, వండబోవునది ఏమో తెలియవలెను.

ఇప్పుడు మన తెలుగు మాటకు వత్తము. పత్రికవారు వాడిన వివక్ష, ఇప్పుడు ప్రభుత్వపు కాగితములలోను పాఠ్యపుస్తకములలోను స్థిరపడిపోయిన వివక్ష, సంస్కృతమున ఆ యర్థము గలది కాదు. ‘వచ్’ ధాతువు పలుకుటను చెప్పును. దానిమీద ఇచ్ఛార్థకమగు సన్ ప్రత్యయము వచ్చి వివక్ష యైనది. చెప్పవలెనను కోరిక, చెప్పువాని తాత్పర్యము. అంతే. వ్యాకరణశాస్త్రమున దీనికి చాల గొప్ప స్థానము కలదు. ఒకడు కుండలో అన్నము వండుచున్నాడు. కుండలో అన్నచో కుండ అధికరణము. కుండతో అన్నచో కరణము. కుండ బాగుగా వండుచున్నదన్నచో అదియే కర్త. కుండ మారలేదు, పొయ్యి మారలేదు, అన్నమును మారలేదు. చెప్పువాని వివక్ష మారినది. కారకము వస్తువులో లేదు, వక్త దానిని ఎట్లు చెప్పగోరెనో అందున్నదని శాబ్దికుల సిద్ధాంతము.

ఈ చెప్పు కోరిక భేదదృష్టిగా నెట్లు మారెను? నా యూహ యిది. పాత్రాపాత్ర వివక్ష, ఉచితానుచిత వివక్ష అను వాడుకలు తెలుగున కలవు. ఇది యిట్టిది, అది యట్టిది యని వేరుగా చెప్పదలచుట యని మొదటి భావము. అట్టి మాటలయందు వివక్ష విచక్షణకు చాల దగ్గరగా వచ్చెను. చెవికి కూడ రెండును దగ్గరివే. విచక్షణ ‘చక్ష్’ ధాతువునుండి వచ్చినది. చూచుట దాని యర్థము. ఇట్లు మంచి యర్థముతో వివేచనమైన మాట, పిమ్మట జాతి వివక్ష, కుల వివక్ష యని సమాసములలో పడి దోషముగా మారెను. ఇంగ్లీషు మాట పోయిన బాటనే మన మాటయు పోయినది.

తప్పు మాట వాడుచున్నారని మా తరము పండితులు కొందరు దీనిపై కినుక వహింతురు. భేదబుద్ధి, పక్షపాతము అను మాటలుండగా దీనినేల చెరపవలెనని వారి వాదము. పక్షపాతము చక్కని మాటయే: ఒక రెక్కమీదికి, అనగా ఒక ప్రక్కకు, ఒరిగిపడుట. కాని నావాడు కావున ఎక్కువ యిచ్చితినని చెప్పుటకు అది చాలును. నీవు ఫలానా యింట పుట్టితివి కావున నిన్ను లోపలికి రానీయనని చెప్పుటకు చాలదు. తారతమ్యము మరియొకటి. సంస్కృతమున రెంటిలో అధికమైనదానికి ‘తర’, అన్నింటిలో అధికమైనదానికి ‘తమ’ అను ప్రత్యయములు చేర్తురు. ఆ రెండు ప్రత్యయములే కలిసి ఒక మాటయైనవి. కొలుచుకొనువారి మాట యది, త్రోసివేయువారిది కాదు. అందుచేత నేను వివక్షను కాదనను. పైగా నాకు అందొక యుచితార్థము కనబడుచున్నది. పుట్టుకనుబట్టి మనిషిని తక్కువవానిగా చూచునప్పుడు ఆ తక్కువతనము వానిలో వెదకిన దొరకదు. చెప్పువాని కోరికలో దొరకును. ఈ సంగతి తెలిసియే మన పత్రికారచయితలు ఆ మాటను ఏరుకొనిరని నేననను. మాటలకు అట్టి యదృష్టము ఒక్కొక్కప్పుడు పట్టును.

ఇక ఆ పిల్లవానికి నేను బాకీపడిన యుత్తరము. దానిని చెప్పుటకు నాకు ఆ సంవత్సరమంతయు పట్టెను. మార్కులనుబట్టి కూర్చుండబెట్టుట నేను మొదలుపెట్టినప్పుడు దానిని విచక్షణ యనియే తలచితిని. బాగుగా చదువువారు ముందుండిన పాఠము వేగముగా సాగును, వెనుకనున్నవారికి ముందునకు రావలెనను పట్టుదల కలుగునని నా లెక్క. కాని వెనుకటి బల్లలవారికి నా గొంతు సరిగా వినబడుటలేదని, నల్లబల్లమీద నేను వ్రాయు సంధికార్యములు కిటికీ వెలుతురునకు మెరసి వారికి కనబడుటలేదని, ఆ వేసవిలో ఒకనాడు ఖాళీ తరగతిలో కడపటి బల్లమీద నేనే కూర్చుండి చూచినప్పుడు తెలిసినది. త్రైమాసిక పరీక్షలో తప్పినవాడు వెనుకకు పోవును; వెనుకకు పోయినవాడు అర్ధసంవత్సర పరీక్షలో తప్పును. తప్పుటకు నేనే సగము కారణమై, ఆ తప్పును చూపి వానిని మరల అక్కడనే కూర్చుండబెట్టితిని. నా జల్లెడ రంధ్రముల సంగతి నాకు తెలిసినది గాని, నేను ఏమి వండబోవుచుంటినో తెలియలేదు.

పరీక్షలు ముగిసి ఆ పిల్లవాడు బడి విడిచిపోయెను. వానికి ఇది చెప్పలేకపోతిని. ఎట్లో తెలుగున ఉత్తీర్ణుడయ్యెను.

మరుసటి సంవత్సరము బల్లలను పేర్ల యక్షరక్రమమున కూర్చితిని. ఒక పక్షము గడవకముందే హకారముతో పేరు మొదలగు బాలిక యొకతె వచ్చి, అమ్మానాన్నలు పెట్టిన పేరు తన తప్పు కాదు గదా యని నిలిచినది. అప్పటినుండి ప్రతి సోమవారమును ముందు వరుస వెనుకకు, వెనుకటి వరుస ఒక్కొక్క బల్ల ముందునకు జరుగునట్లు ఏర్పాటు చేసితిని. సోమవారము మొదటి గంటలో పది నిమిషములు ఆ కలకలమునకే పోయెడివి.